కడలమిఠాయి వ్యాకరణం

"ఏమే, నాలుక మీద వసంబు రుద్దితే మాటలు అవే వస్తాయి. మూడో క్లాసు చదివినదానివి, నాకు పాఠం చెప్తావా?"

"రుద్దీ రుద్దీ ఆ వసకొమ్మే అరిగిపోయింది అత్తా, మీ పిల్ల నోరు తెరవలా. వేలు చూపిస్తే చాలు, మీరు చేతిలో పెడతారు. ఇంక దానికి మాటతో పనేముంది?"

"రేపు పళ్ళికూటంలో కూడా పలక్కపోతే ఇంట్లోనే ఉండనీ. ఆడపిల్ల, కలెక్టరు కావాలా?"

ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది.

ఆ రోజుల్లో మాటలు నేర్పడానికంటూ వేరే చోటు లేదు (ఇప్పుడు మా మనవడికి దానికీ ఫీజు కడుతున్నారు, నన్నడిగితే ఊరికే నేర్పేదాన్ని). తమిళనాట కోవిల్పట్టి నుంచి విరుదునగర్‌కు ఇంకో తెలుగింటికి నేను కోడలిగా వచ్చేసరికి మా ఇంటాయన ఆఖరి చెల్లెలికి ఆరో ఏడు. చెవులకేమీ లోటు లేదు. నా మిఠాయి డబ్బా మూత చప్పుడైతే పెరట్లోంచి పరుగెత్తుకొచ్చేది. నోరు మాత్రం తెరిచేది కాదు. కిందటేడు పేరడిగితే పలకలేదని పళ్ళికూటం (అదే, బడి) వాళ్ళు వెనక్కి పంపేశారు. నన్ను మూడో క్లాసుతో మానిపించారు, దీన్నైనా ఆ గడప దాటించాలని నా పట్టు. అందుకే వ్యాకరణం మొదలుపెట్టాను. పుట్టింటి నుంచి వచ్చిన కడలమిఠాయి (వేరుశెనగలూ బెల్లమూ, మా ఊరి పేరు నిలబెట్టేది) డబ్బాలో పెట్టి తాళం వేశాను. ఎవర్ని అడుగుతున్నావు, ఎవరికి కావాల, ఏం కావాల, ఏం చేయాల, అన్నీ వరసగా చెప్తేనే ముక్క. "వదినా, నాకు మిఠాయి ఇయ్యి. ఏదీ, చెప్పు." అది డబ్బా వైపు వేలు చూపేది. నేను మళ్ళీ మొత్తం చెప్పేదాన్ని. ఈసారి బాగా చెప్పావన్నట్టు తలూపి చెయ్యి చాపేది. మా ఇంటాయన ఒకరోజు నిలబడి చూసి, "ఇంతకీ పాఠం ఎవరికి?" అని నవ్వుకుంటూ పోయారు.

ఆ గొడవ మరునాడు తెల్లారగానే అత్త వసంబు రుద్దింది. నేను దారి పొడుగునా వాక్యం చెప్పించాను (అంటే, నేనే చెప్పాను). టీచరమ్మ తమిళంలో పేరడిగింది. పలుకు లేదు. మళ్ళీ అడిగింది. అత్త నావైపు ఒక చూపు చూసింది. అంతలో బడి వాకిట్లో ఎవరో కొళాయి కట్టకుండా వెళ్ళిపోయారు. మా వైపు నీళ్ళు ఎప్పుడొస్తాయో దేవుడికే తెలియాల. మా పిల్ల నడుము మీద చెయ్యి పెట్టుకుని, అచ్చం నా గొంతుతో, మా ఇంటి తెలుగులో అరిచింది:

"ఎవరే అది, కొళాయి తెరిచిపెట్టి పోయింది? నీళ్ళేమన్నా మీ అబ్బ తవ్విన బావిలోవా? ఎన్నిసార్లు చెప్పాల, వచ్చి మూయి!"

ఒక్క మాట తప్పలేదు, మధ్యలో ఊపిరైనా తీయలేదు. నేను పాఠంగా నేర్పింది కాదది, రోజూ పెరట్లో నేను అరిచేది. టీచరమ్మ తానే లేచి వెళ్ళి కొళాయి కట్టి వచ్చింది. "ఏమంటోంది?" అని నన్నడిగింది.

"నీళ్ళు జాగ్రత్త అంటోందమ్మా."

పేరు నన్నడిగే రాసుకుంది, పిల్లను లోపలికి పంపింది.

"చూశావా, వసంబు!" అంది అత్త.

ఇంటికొచ్చి డబ్బా మూత తీశాను. పెరట్లోంచి ఎవరూ పరుగెత్తుకు రాలేదు. "వదినా, నాకు మిఠాయి ఇయ్యి" అని నేనే అడిగి, ఒక ముక్క తీసి, సగం తిని, మిగతా సగం దానికని ఉంచి, తాళం వేయకుండా పనిలో పడ్డాను.