చెరిగిన కొర్రలు

"నా తాళంచెయ్యి నాకియ్యి" అన్నాను.

"కిటికీలో పెట్టానండి" అంది ఆమె.

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. మూడేళ్లు పక్కపక్క గదుల్లో ఉన్నాం. అన్ని రోజుల్లో ఆమె నన్ను అక్కా అనకుండా మాట్లాడింది ఆ ఒక్కసారే. అది నేను గమనించాను. తప్పు బయటపడితే మనిషి వరస మరిచిపోతుందిలే అనుకుని లోపల సంతోషించాను కూడా. ఆమె సామాను వేసుకుని ఆటో ఎక్కింది. నేను తాళంచెవిని కొంగుతో రెండుసార్లు తుడిచి లోపలికి తీసుకున్నాను, దానికి కూడా ఎలుకల మందు అంటించి ఉంటుందేమోనని.

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. నేను చెబుతుంటే నా తమ్ముడి బిడ్డ రాస్తోంది. నా యాసను పుస్తకం భాషలోకి మార్చి రాస్తానంది, సరే అన్నాను. మనుషులు ఒకరితో ఒకరు అన్న మాటలు మాత్రం ఎట్లా అన్నారో అట్లాగే ఉంచమన్నాను.

మాది పాలమూరు వైపు. ఉండేది గోపన్‌పల్లిలో, పాత ఊరి ఇళ్ల వెనక వరసగా కట్టిన ఆరు కిరాయి గదుల్లో ఒకదానిలో. మా ఆయన ఒక ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ. నేను రాయదుర్గంలో అద్దాల బిల్డింగులో హౌస్‌కీపింగ్. ఆయనకు తాగుడు లేదు, పేకాట లేదు, ఉన్న పిచ్చల్లా లవ్ బర్డ్స్. రెండు పచ్చవి, ఒక నీలంది, ఒక తెల్లది. పాత కూలరు చట్రానికి జాలీ బిగించి తానే పంజరం చేసి గుమ్మం పక్కనే పెట్టాడు. డ్యూటీ నుంచి రాగానే తన కాళ్లు కడుక్కునే ముందు వాటి నీళ్లు మార్చేవాడు. ఆయన గుండె ఆగి పోయి రెండేళ్లయింది. పదకొండో రోజు చుట్టాలంతా బస్సెక్కి పోయాక ఆ గదిలో గొంతు ఉన్నవి అవి నాలుగే. నా నిర్లక్ష్యం వల్ల వీటిలో ఒక్కటి కూడా చావకూడదు అని ఆ రోజే మనసులో ఒట్టు పెట్టుకున్నాను. ఒట్టు పెట్టుకున్నవాళ్లకు అందరూ దొంగల్లాగే కనబడతారు.

పక్క గది ఆమె గోదావరి వైపు మనిషి, నాకంటే చిన్నది. సాఫ్ట్‌వేరు పిల్లలుండే హాస్టల్లో వంట చేసేది. తెల్లవారకముందే పోయి, మధ్యాహ్నానికి వచ్చి పడుకునేది. నేను ఇల్లు చేరేసరికి ఆరు అవుతుంది కాబట్టి, ఎండాకాలంలో పిట్టలకు నీళ్లు పోయడానికి ఆమెకు ఒక తాళంచెవి ఇచ్చాను. పోసేది, కాదనను. కానీ వాటి అరుపులకు ఆమెకు నిద్ర పట్టేది కాదు. "అక్కా, మీ పిట్టలు మా ఊరి చేపల సంతను మించిపోయాయి. చేపలకైనా పొద్దెక్కితే బేరం అయిపోతుంది, వీటికి అదీ లేదు" అనేది నవ్వుతూ. అప్పుడు నేనూ నవ్వాను. తరవాత ఆ మాటను పట్టుకుని నవ్వును వదిలేశాను.

పోయిన ఏడాది మా పక్క ప్లాటులో అపార్టుమెంటు కోసం సెల్లారు తవ్వడం మొదలైంది. ఆ మట్టిలో ఉన్న ఎలుకలన్నీ మా వరసకు వచ్చిపడ్డాయి. పందికొక్కులు కాదు, వేలెడంత చిట్టెలుకలు. తలుపు కింద సందులోంచి వస్తాయి, గోడ కన్నంలోంచి వస్తాయి. పిట్టలున్న ఇల్లంటే వాటికి పెళ్లిభోజనం. పిట్ట ఒక గింజ తింటే నాలుగు కింద చిమ్ముతుంది. కింద అయిపోతే నేరుగా డబ్బా దగ్గరకే పోయేవి. నేను కొర్రలు పోసే డబ్బా బిస్కెట్లది, మూత ఒక పక్క సొట్టపోయి సరిగ్గా కూర్చోదు.

డబ్బాలో ఎలుక పెంటికలు కనబడితే నేనేమీ గాభరా పడలేదు. మా అమ్మ గుమ్మిలో జొన్నలు పోసేది. అందులో ఎలుక పడని ఏడాది లేదు. ఎలుక పడిందని జొన్నలు పారబోసిన మనిషిని నేను చూడలేదు. చాటలో పోసి చెరిగితే పెంటిక తేలికగా ముందుకు పోతుంది, గింజ వెనక్కి వస్తుంది. పక్క ఊళ్లవాళ్లు కూడా చెరగడానికి నన్ను పిలిచేవాళ్లు, నా చేతి నేర్పు అటువంటిది. ఆ చాట ఇప్పటికీ నా గదిలో మేకుకు వేలాడుతోంది. రోజూ పొద్దున్నే డబ్బా కుమ్మరించి, చెరిగి, మళ్లీ డబ్బాలో పోసి, పిట్టలకు పెట్టి డ్యూటీకి పోయేదాన్ని.

ఒకరోజు పక్కావిడ గడపలో నిలబడి చూసింది.

"అక్కా, ఆ గింజలు పారెయ్యండి. వాసనొస్తున్నాయి."

"మీ దిక్కు కాలువ నీళ్లు పారుతయి, అందుకే గింజలు పారేసుడు తెలుసు మీకు" అన్నాను. "మా దిక్కు ఒక్కొక్క గింజ ఏరుకుంటం, చెల్లె."

ఆమె మూతి ముడుచుకుని పోయింది. మర్నాడు ఆమె కిటికీలో ఎలుకల మందు పొట్లం చూశాను. ఇదేందని అడిగాను. నా గదిలో పెట్టుకుంటున్నానక్కా, మీ వైపు రానివ్వను అంది. ఎలుకకు నీ గది, నా గది తేడా తెలుస్తుందా అని నేను గట్టిగానే అన్నాను. ఆమె మా ఇద్దరి మధ్య గోడ అడుగు వైపు చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

అప్పటి నుంచి ఆమె మీద కన్ను పెట్టాను. పనికి పోయే ముందు డబ్బా మూత మీద ఎర్ర దారం ఒకటి అడ్డంగా పెట్టేదాన్ని. మూడో రోజు వచ్చేసరికి దారం నేల మీద ఉంది. డబ్బా తీశావా అని అడిగితే, లేదక్కా, నీళ్లు పోసి వచ్చేశాను అంది. అబద్ధం అనుకున్నాను. తరవాత రోజు గడప లోపల బియ్యప్పిండి పలచగా చల్లి పోయాను. సాయంత్రం చూస్తే పిండి నిండా చిట్టెలుక కాళ్లు, ముగ్గు చుక్కల్లాగా, డబ్బా దాకా పోయి ఉన్నాయి. మనిషి కాలు ఒక్కటీ లేదు. నీళ్ల గిన్నె మాత్రం నిండుగా ఉంది. అప్పుడైనా బుద్ధి రావాలి కదా. నాకు రాలేదు. పిండి చూసి, దాటి వచ్చింది, తెలివైన మనిషి అనుకున్నాను. నిజానికి ఆమె పిండి చూసి నేనేదో ఎలుకల కోసం చల్లాననుకుని, చెడగొట్టకుండా గడప బయటి నుంచే చెయ్యి చాపి, పొడుగు గరిటెతో నీళ్లు పోసిందట. ఈ సంగతి ఆరు గదుల్లో ఒకావిడ నాకు చాలా ఆలస్యంగా చెప్పింది.

వారానికి తెల్లపిట్ట చచ్చిపోయింది. పని నుంచి వచ్చేసరికి పంజరం అడుగున కాళ్లు పైకి పెట్టి ఉంది. దాన్ని కొంగులో వేసుకుని ఆమె తలుపు కొట్టాను. ఆమె నిద్ర కళ్లతో వచ్చింది. ఆ కళ్లు చూడగానే నాకు ఇంకా మండింది.

"సంపినవు గదా. ఇగ కమ్మగ పండుకో" అన్నాను.

"నేనా అక్కా?" అంది. అంతే అంది. నేను మాత్రం ఆగలేదు. మందు పొట్లం సంగతి, దారం సంగతి, చేపల సంత సంగతి అన్నీ ఆరు గదులకు వినబడేటట్టు చెప్పాను. అందరూ తలుపుల్లోకి వచ్చి చూశారు. ఎవరూ నన్ను ఆపలేదు, ఆమె వైపూ మాట్లాడలేదు. ఆ రోజు నుంచి ఎవరూ ఆమె చేతి కూర గిన్నె తీసుకోలేదు. మందు పెట్టే చెయ్యి అన్న మాట పడ్డాక ఎవరు తీసుకుంటారు? పది రోజులకు ఆమె మియాపూర్‌లో ఇంకో హాస్టల్ చూసుకుని వెళ్లిపోయింది.

ఆమె పోయిన తొమ్మిదో రోజు నీలంది చచ్చిపోయింది.

పక్క గదికి తాళం వేసి ఉంది. మనిషి లేదు. నేను తాళం వైపు చాలాసేపు చూశాను. పోయే ముందే డబ్బాలో కలిపి పోయింది అని తేల్చుకున్నాను. చూశారా, మనిషి లేకపోయినా అనుమానానికి పని దొరుకుతుంది. రెండు రోజులకు పచ్చవాటిలో ఒకటి ఈకలు ఉబ్బించుకుని మూలన కూర్చుంది. తోక కిందికీ పైకీ ఊగుతోంది, రెట్ట నీళ్లలాగా పడుతోంది. సెలవు పెట్టాను. పిట్టను అట్టపెట్టెలో పెట్టి, డబ్బాలోని కొర్రలు ఒక పొట్లం కట్టి, పశువుల దవాఖానకు పోయాను. పిట్ట బతకాలని పోయాను. ఆమె మీద రుజువు దొరకాలని కూడా పోయాను. ఏది ముందు అని అడిగితే చెప్పలేను.

డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది. పిట్టను అరచేతిలో పట్టుకుని పొట్ట మీద ఊది చూసింది. ముక్కు తెరిచి చూసింది. నేను పొట్లం ముందుకు జరిపాను.

"మేడం, ఈ కొర్రల్ల మందు కలిపిన్రు. చూసి కాయితం మీద రాసియ్యిన్రి."

ఆమె గింజలను చేతిలో పోసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. వెంటనే మొహం పక్కకు తిప్పింది.

"మందు వాసన కాదమ్మా ఇది. ఎలుకలు తిరిగిన గింజలు ఇవి. మీరే పెడుతున్నారా?"

"రోజు చెరిగి పెడుత. ఒక్క పెంటిక ఉండనియ్య."

"చెరిగితే పెంటికలు పోతాయి. ఉచ్చ పోతుందా?"

దానిలోంచే రోగం వస్తుందని, రెండు పిట్టలూ దానితోనే పోయి ఉంటాయని ఆమె చెబుతూనే ఉంది. నాకు మా అమ్మ జొన్నలు గుర్తుకొచ్చాయి. మేము వాటిని చెరిగి, కడిగి, ఎండబోసి, తిరగలిలో విసిరి, పెనం మీద రొట్టె కాల్చి తిన్నాం. అన్నీ దాటి వచ్చేసరికి ఎలుక ఏమి చేసినా నిప్పులో కాలిపోయేది. పిట్టకు పొయ్యి లేదు. నేను పెట్టింది పెట్టినట్టు పచ్చిగా తింది. ఏ చేతి నేర్పు చూసి ఊళ్లు నన్ను పిలిచాయో, ఆ చేత్తోనే రోజూ ఉచ్చ అంటిన గింజలు శుభ్రంగా చెరిగి వాటి ముందు పోశాను.

ఇంటికి వచ్చి డబ్బా మొత్తం సంచిలో కుమ్మరించాను. బయట చల్లితే పావురాలు తింటాయి, వద్దంది డాక్టరమ్మ. సంచి మూతి కట్టి చెత్త బండిలో వేసేటప్పుడు చెయ్యి వదలలేదు. గింజను చెత్తలో వెయ్యడం నా జన్మలో అదే మొదటిసారి. కొత్త కొర్రలకు బిగుతు మూత స్టీలు డబ్బా కొన్నాను. పంజరాన్ని గోడకు దూరంగా కప్పు కొక్కేనికి వేలాడదీశాను. చీకటి పడకముందే కింద పడిన గింజలు ఊడ్చి, తడిగుడ్డతో తుడుస్తున్నాను. గోడ కన్నాల్లో గిన్నెలు తోమే ఇనుప పీచు కుక్కాను. మంచం కింద బోను పెట్టాను. నాలుగు రోజులు డాక్టరమ్మ ఇచ్చిన చుక్కలు వేస్తే పచ్చది లేచి ముక్కుతో జాలీ కొరికింది.

ఇంటి ఓనరు పక్క గదిని ఎవరికో చూపించడానికి తెరిచినప్పుడు నేనూ లోపలికి తొంగి చూశాను. సిలిండరు మూల నుంచి ఎండిపోయిన చిట్టెలుకను ఓనరు చీపురుతో ఊడ్చాడు. మందు పళ్లెం ఇంకా అక్కడే, నా గదికి దూరంగా ఉన్న మూలలో ఉంది. మా ఇద్దరి మధ్య గోడకు కింద ఒక కన్నం ఉండేది. దానిలో ఆమె తన వైపు నుంచి పీచు కుక్కి, మీద సిమెంటు పూసింది. సిమెంటు మీద నాలుగు వేళ్ల గుర్తులు ఉన్నాయి. మందు తిన్న ఎలుక నా వైపు రాకూడదని చేసిందే అది. ఇంకెందుకు చేస్తుంది? కాసేపు ఇంకో కారణం కోసం కూడా వెతికాను, నా బుద్ధి అటువంటిది. దొరకలేదు.

రెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. నా నంబరు చూసే ఎత్తలేదని నాకు తెలుసు. ఎత్తి ఉంటే ఏమి చెప్పేదాన్నో నాకు తెలియదు. మియాపూర్‌కు పోయి గడపలో నిలబడదామంటే, అక్కడ కూడా పదిమంది ఉంటారు, నేను ఇక్కడ పదిమంది ముందు అన్న మాటను అక్కడ ఒక్కదాని చెవిలో వెనక్కి తీసుకుంటే ఏం లెక్క? మొన్న ఆదివారం మా వరసలో వాళ్లను పిలిచి చెప్పాను, ఆమె మందు పెట్టలేదు, నా గింజలే చంపాయని. ఒకామె, పోనీలే అక్కా, ఎరుక లేక చేసినవు అంది. ఎరుక చెప్పిన మనిషినే కదా వెళ్లగొట్టింది.

పిట్టలు రెండున్నాయి. రెండూ పచ్చవే. ఆమెకు చదువు వచ్చు, పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేది. అందుకే ఇది పేపరుకు పంపడానికి రాయిస్తున్నాను.

చాలు బిడ్డా, ఇగ ఆపు. మొదటికెళ్లి చదివి వినిపియ్యి. నడుమ రెండుసార్లు కలం ఆపి నా మొఖం చూసినవు, నేను గమనించిన. మీ అత్త చెడ్డగ కనబడొద్దని ఏమన్న మెత్తగ రాసినవేమో. నేనే సంపిన అన్న కాడ నేనే సంపిన అని ఉండాలె. చదువు, వింట.