రవికె మీద శనగపూలు

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో మా అమ్మ నంద్యాలలో క్రైస్తవ మిషన్ వాళ్ల కుట్టుబడికి పోయేది. నాయన చనిపోయాక ఇంట్లో ముక్కు చీదుకుంటూ కూర్చోవడం ఆమెకు చేతకాలేదు. అక్కడ కుట్టు నేర్పే దొరసాని దగ్గర ఒక నల్ల ముఖమల్ కోటు ఉండేది. దాని నిండా పూసలతో కుట్టిన తీగలు, ఆకులు, పువ్వులు. వాళ్ల దేశంలో సముద్రాలంతటి చెరువుల పక్కన అనిషినాబే అనే అడవి జనం ఉన్నారట, వాళ్ల ఆడవాళ్ల పనితనమట అది. తమ చుట్టూ పెరిగే పువ్వులనే కుడతారని దొరసాని చెప్పింది.

"అట్లయితే మన చుట్టూ ఉండేది శనగే గదా" అనింది మా అమ్మ.

ఇంకేముంది! నా పసుపు రవికె మీద శనగచెట్టు మొలిచింది. ఒక దారానికి పూసలు గుచ్చి పరిచేది, ఇంకో దారంతో వాటిని మధ్యమధ్య గుడ్డకు బిగించేది. పువ్వులకు ఊదా, కాయలకు పచ్చ. పచ్చపూసలు కాయలకే అయిపోయాయి. కొమ్మలకేం చేయాలి? అమ్మ పెట్టెలోంచి ఒక డబ్బీ తీసి, అందులోని నల్లపూసలు గుచ్చింది. నాయన పోయినప్పుడు ఆమె మెడలోంచి తెంపినవి అవి.

ఆ రవికె ఆళ్లగడ్డలో పెద్దమ్మ కూతురి పెండ్లికి. తలంబ్రాల పళ్లెం నేను పట్టుకోవాలి. బస్సులో అమ్మ నా భుజం మీది కొమ్మను నిమిరింది. "నేను పందిట్లోకి రాకూడదు. నువ్వు ఇది తొడుక్కోని అక్క పక్కన నిలబడితే నేను నిలబడినట్టే."

పెండ్లింట్లో ఆడవాళ్లంతా నన్ను చుట్టుకున్నారు. "ఏందమ్మీ, శేన్లోంచి లేచొచ్చినావా? మేక చూస్తే నిన్ను మేస్తది!" అని ఒకటే నవ్వులు. నాకు నేల మీద కాళ్లు ఆనలేదు. పెద్దమ్మ అత్తగారు కొమ్మలు తడిమి, "ఇంత సన్న పూసలు యాడ దొరికినాయే?" అంది.

నా నోట్లో నువ్వుగింజ నానుతుందా? "మా అమ్మ మెడలోటివి!" అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. "అయ్యో, తాడు తెగినామె పూసలు పెండ్లికూతురి పక్కకా! బేగా విప్పండి దాన్ని" అని ముసలామె అరిచింది. పెద్దమ్మ నన్ను లోపలికి లాక్కుపోయి, ఎవరిదో వదులు రవికె తొడిగింది. సొంత చెల్లెలి పూసలని కూడా అనుకోలేదు, మహాతల్లి. జారిపోయే రవికెను మోచేత్తో అదుముకుంటూ, పళ్లెం పట్టుకొని నిలబడ్డాను. దొడ్డివాకిలి దగ్గర నిలబడి అమ్మ చూస్తోందని తెలుసు. సిగ్గుతో తల ఎత్తలేదు.

అంతా అయ్యాక దొడ్లోకి పోయి రవికె ఆమె చేతిలో పెట్టాను.

"పూసలు నావని ఎవురు చెప్పినారు?"

"నేనే."

"బయపడి చెప్పినావా, గొప్పగా చెప్పినావా?"

"గొప్పగానే."

"నాకది చాల్లే" అని అమ్మ పూసలు లోపలికి వచ్చేటట్టు రవికెను మడిచి సంచిలో పెట్టుకుంది. చెంప పగలగొట్టి ఉంటే ఆ సిగ్గును ఆళ్లగడ్డలోనే వదిలేసి వచ్చేదాన్ని. కొట్టలేదు.