తోక కోసిన ఈల

కాచిగూడలో రాత్రి నేను రైలెక్కింది కోపంతో. ముందే చెప్పేస్తున్నాను, ఇది గుడులూ గోపురాలూ చూసొచ్చిన యాత్ర కాదు. ఒక ఈల ఎవరిదో కనుక్కోవడానికి అనంతపురం జిల్లా బెళుగుప్ప దాకా పోయొచ్చిన కథ.

నేను పక్షుల పాటల మీద పరిశోధన చేస్తున్నాను. కిందటేడు బెళుగుప్ప దగ్గర రాళ్లగుట్ట మీద ఒక భరతపక్షి పాట రికార్డు చేశాను. మట్టిరంగు పిట్ట, నెత్తిన చిన్న కుచ్చు. ఎగురుతూ పాడుతుంది, తక్కిన పిట్టల కూతలు దొంగిలించి తన పాటలో కలిపేసుకుంటుంది. ఆ పాట మధ్యలో అచ్చం మనిషి ఈల వినబడింది, గొర్రెలకాపరి ఈల! మనిషికి మాట ఎలా వచ్చిందో తెలుసుకోవాలనుకునేవాళ్లు పిట్టల వెంట పడేది ఇందుకే. విని నేర్చుకుని, దాన్ని మళ్లీ తర్వాతి తరానికి అందించే జీవులు బహు కొద్ది. మనకు దగ్గరి చుట్టాలైన కోతులకే ఆ విద్య సరిగా రాదు.

మా ప్రొఫెసరుగారు రికార్డు విని నవ్వారు. "నీ చెవులు వినాలనుకున్నది వింటున్నాయమ్మా. ఆ ఈల వేసిన మనిషిని చూపించు. లేదంటే ఇంకో అంశం ఎత్తుకో" అన్నారు. ఏళ్ల తరబడి చేసిన పని! ఒళ్లు మండిపోయింది.

అందుకే ఒక ఉపాయం పన్నాను. ఫోనులో ఈలను మధ్యకు కోసేశాను. పైకి లేచే పొడుగు ఈల, చిన్న విరుపు, అంతవరకే వినిపిస్తాను. దాని తర్వాత వచ్చే తోక ఏమిటో చెప్పగలిగిన మనిషిదే ఆ ఈల. ఇక ఎవరూ నన్ను మభ్యపెట్టలేరు, నన్ను నేను కూడా.

తెల్లవారుజామున గుంతకల్లులో దిగి, ఏడింటికి ఉరవకొండ బస్సు పట్టుకున్నాను. తొలకరి పడింది కదా, వజ్రకరూరు పొలాల్లో వానకు బయటపడే వజ్రాలు వెతికేవాళ్లతో బస్సు కిటకిటలాడుతోంది. పక్కసీటు పెద్దావిడ "నువ్వూ వజ్రాలకేనా పాపా?" అంది.

"కాదమ్మా, ఒక ఈల కోసం."

ఎగాదిగా చూసింది. "మా కన్నా పిచ్చిదాని మాదిరుండావే" అని, సంచిలోంచి ఉడికించిన చెనిక్కాయలు గుప్పెడు తీసి చేతిలో పోసింది. వజ్రకరూరులో బస్సు సగం ఖాళీ అయిపోయింది.

ఉరవకొండ బస్టాండు పక్కన బొరుగులతో చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. మీరు ఆ దారిన పోతే తినకుండా కదలకండి. హోటలు యజమాని బాషాకు నా సగం ఈల వినిపించాను. "ఇది మా బావమరిది ఈల గదా!" అని తోక కూడా ఊది చూపించాడు. తప్పు! టీ తాగుతున్న ఇంకొకాయన తన మేనమామదన్నాడు. అదీ తప్పే. కాసేపట్లో హోటలంతా ఈలల పోటీ అయింది, ఒక్కరికీ తోక దొరకలేదు. చివరికి బాషా చేతులెత్తేశాడు. "బెళుగుప్పలో ఈరన్న ఇల్లు అడుగక్కా. ఆ కాలంలో ఆయన మాదిరి ఈలేసేవాడు ఈ చుట్టుపక్కల యాడా లేడు."

పదకొండు దాటాక బెళుగుప్పలో దిగాను. ఈరన్న కోడలు లక్ష్మక్క వాకిట్లో సంగటి కెలుకుతోంది. ఫోను నొక్కాను. ఆమె చేతిలో తెడ్డు ఆగిపోయింది. "మామా! ఎవురో నీ ఈల తెచ్చినారు!" అని లోపలికి కేకేసింది.

ఈరన్న తాత గోడ పట్టుకుని వచ్చాడు. "ఇంగోసారి యెయ్యమ్మా" అన్నాడు. వేశాను. రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఊదాడు. ఉత్త గాలి! "పండ్లు పోయినాయి, ఈలా పోయినాది" అని బోసినోటితో నవ్వాడు. ఈల వేయలేని మనిషి ఈల తనదని ఎలా రుజువు చేస్తాడు?

అప్పుడాయన కళ్లు మూసుకుని గొంతుతో అన్నాడు. "టుర్... టుర్... హూఁ." రెండు పొట్టివి, ఆపైన కిందికి జారే ఒకటి.

అదే తోక! నేను పెట్టిన కేకకు పక్కింటివాళ్లు కూడా వచ్చేశారు. పూర్తి రికార్డు వినిపిస్తే తాత మొహం వెలిగిపోయింది. కుంటలో నీళ్లుండాయి, రాండి అని గొర్రెల్ని పిలిచే ఈల అట అది. వాకిట్లో ఒక్క గొర్రె కూడా లేదు, ఎప్పుడు అమ్మేశారని అడిగాను. అమ్మిన ఏడు పుట్టిన మనవరాలు ఇప్పుడు పదో తరగతి అట. ఇంట్లో ఇంకెవరికైనా ఈ ఈల వచ్చా అంటే, "మా ఆయనకు ఆటో హారన్ కొట్టేది తప్ప ఏమొస్తాది!" అంది లక్ష్మక్క. భరతపక్షి అన్నేళ్లు బతకదు. అంటే నా పిట్ట తాత నోట విననే లేదు. తన పెద్దల దగ్గర నేర్చుకుంది! ఆ సంతోషంలో సంగటి, రోట్లో నూరిన ఊరుబిండి పచ్చడి రెండుసార్లు పెట్టించుకున్నాను.

రాత్రి అక్కడే పడుకుని, పొద్దున్నే లక్ష్మక్క వాళ్లాయన ఆటోలో తాతను గుట్ట దగ్గరికి తీసుకెళ్లాం. పిట్ట లేచింది, పాడింది, మధ్యలో ఈల వేసింది. తాత చటుక్కున వెనక్కి తిరిగాడు.

"ఏమైంది తాతా?"

"గొర్రెలొస్తాండాయేమో అని" అన్నాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. "ఆ పిట్టకు నీళ్లని తెలీదు గదమ్మా?"

"తెలీదు తాతా."

"తెలీకుంటే ఏం, పిలుస్తానే ఉండాది."

అక్కణ్ణుంచే ప్రొఫెసరుగారికి ఫోను కలిపి అంతా చెప్పాను, రికార్డూ తాత గొంతూ వినిపించాను. "మళ్లీ ఒకసారి" అన్నారాయన. ఇంకోసారి అన్నారు. "అంశం మార్చమంటారా సార్?" అన్నాను. "చాల్లే, ముందు బండెక్కు. ఆ పెద్దాయన పేరు వ్యాసంలో మొదటే రావాలి" అన్నారు. గుట్ట మీద గంతులేశాను, సిగ్గేం లేదు.

మధ్యాహ్నం తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఉరవకొండ ఇంకా రాకముందు రోడ్డు పక్కన గొర్రెల మంద కనిపించింది. ఆగలేకపోయాను. తల బయట పెట్టి ఈల వేశాను, తోకతో సహా. ఒక్క గొర్రె కూడా తలెత్తలేదు, బస్సు మొత్తం నా వైపు తిరిగింది.

"ఈల బాగుండాదే! ఎవురు నేర్పినారక్కా?" అన్నాడు కండక్టరు.

ఈరన్న తాత అనబోయి ఆగాను. తాతకు పళ్లేవి?

"పిట్ట" అన్నాను.