లెక్కలోకి రాని మనిషి

“ఈ పొద్దూ రాగి ముద్దేనా?” అన్నాడు మా ఆయన.

“వద్దంటే జైలు కూడు తిను పో” అన్నాను. మా ఆఖరి మాటలు అవే.

మాది కె.జి.ఎఫ్., కోలారు బంగారు గనుల ఊరు. ఆయన జైలు వార్డరు. ఆ పొద్దున ఖైదీలు ఆయన మెడ మీద కత్తి పెట్టి జైలు వంటగదిలో బంధించారని తెలిసి, గేటుకు పరుగెత్తాను.

మా నాయన గని మనిషి. లోపలికి దిగే ప్రతి మనిషికీ ఒక నంబరు బిళ్ళ ఇచ్చేవాళ్ళు. గనిలో ప్రమాదమైతే ఆడవాళ్ళం ఆ బిళ్ళల కోసం చూసేవాళ్ళం. బిళ్ళ తిరిగొస్తే మనిషి పైకొచ్చినట్టు. ఆ అలవాటుతోనే గేటు పోలీసును అడిగాను: “అన్నా, మా ఇంటాయన బిళ్ళ వచ్చినాదా?”

“ఇదేమన్నా గనా అమ్మా? పక్కకు పో” అని నవ్వాడు.

సాయంత్రం ఒక ఆఫీసరు బయటికొచ్చి, “అంతా అయిపోయింది. లెక్క సరిగ్గా ఉండాది, ఇంటికి పోండి” అన్నాడు. ఇంటికొచ్చి ఆయన కోసం అన్నం వండాను. గంజి వార్చేలోపే కబురొచ్చింది. వాళ్ళు లెక్కపెట్టింది ఖైదీలను మాత్రమే. మా ఆయన వంటగదిలోనే రక్తం కారుతూ పడి ఉన్నాడట. ఆసుపత్రి చేరేసరికి ప్రాణం పోయింది.

ఇప్పటికీ ఎవరిని అడిగినా “మా లెక్కలో తప్పు లేదమ్మా” అంటారు. గనిలో బిళ్ళ రాకుండా ఎవరినీ ఇంటికి పొమ్మనేవాళ్ళు కాదు.

నాకు చదువు లేదు, నేను చెప్తుంటే మా అక్క కూతురు రాస్తోంది.

రాసినావా పాపా? యాడా నా మాట మెత్తగా చేసి రాయలేదు కదా? ఏదీ, మొదట్నుంచి చదువు, వింటాను.