దీదీ చిటికెనవేలు

పోర్ట్ బ్లెయిర్‌లో ఆదివారాలు మాకు రైఫిల్ నేర్పిన ఆవిడను అందరం దీదీ అనేవాళ్లం. చేపలు పట్టేవాళ్ల ఇంట్లో పుట్టి, పోలీసు ఉద్యోగం చేసిన మనిషి. ఆవిడను తలచుకుంటే ముఖం కంటే ముందు చిటికెనవేలే గుర్తొస్తుంది. కాల్పులు ఆగగానే ప్రతి రైఫిల్‌కీ తూటాలుండే మేగజీన్ తీయించి, తూటా కూర్చునే చోట ఆ వేలు పెట్టి తడిమేది.

"మేగజీన్ తీసేస్తే బందూక్ ఖాళీ అయిపోద్దేటి భయ్యా? లోపల ఒకటి కూకునుంటాది," అనేది.

ఒక తూటా పేలగానే ఇంకోటి దానంతటదే లోపలికి జారే చిన్న రైఫిళ్లు అవి.

ఒకరోజు సముద్రం మీంచి వాన కమ్ముకొస్తోంది. గురి అట్టలు తడిసిపోతాయని, ఆవిడ మా రైఫిళ్లు తడమకుండానే ఆ అట్టల కోసం పరుగెత్తింది. రెండు వందల గజాల దూరం. నా తూటాలు ఎక్కడ తగిలాయో చూద్దామని, మేగజీన్ తీసేశాను కదా అనే ధీమాతో, రైఫిల్ మీది దుర్బీనులో కన్ను పెట్టాను.

ఆవిడ తిరిగి రాగానే గొప్పగా చెప్పాను. "గాలికి మీ జడ ఎగరడం కూడా దుర్బీనులో కనిపించింది దీదీ."

ఆవిడ నా రైఫిల్ అందుకుని బోల్టు వెనక్కి లాగింది. తూటా ఒకటి ఎగిరి తడిగడ్డిలో పడింది. అప్పుడు ఆ చిటికెనవేలు లోపల పెట్టి రెండుసార్లు తడిమింది.

"ట్రిగ్గర్ మీద వేలెట్టినావా భయ్యా?" అని మెల్లగా అడిగింది.

"లేదు దీదీ," అన్నాను.

నిజం చెప్పానో అబద్ధం చెప్పానో ఈరోజుకీ నాకు తెలియదు.