వాడి చూసిన మందులు

మంచిర్యాల నుంచి కరీంనగర్ వెళ్లే బస్సులో నా పక్క సీట్లో ఎవరో ఒకామె కూర్చుంది. ఏ మందుకూ లొంగని నా డిప్రెషన్‌కు డాక్టర్ కొత్త మందు రాస్తే, ముందు మామూలు మందులు వాడమంటూ మా ఆఫీసు ఇన్సూరెన్స్ వాళ్లు రెండోసారి కాదన్నారు. బస్సులోనే ఫోన్‌లో వాళ్లమీద అరిచి, కాల్ కట్ చేశాను.

"బస్సంతా వినాల్నా నీ లొల్లి?" అని ఆమె కసిరింది.

"వినబుద్ధి కాకుంటే వేరే సీట్ల కూసోండ్రి."

"మొత్తుకుంటే ఇస్తరా? ఏ మందు ఎన్ని నెలలు మింగినవ్, ఎందుకు పనిజెయ్యలే, అన్నీ డాక్టర్‌తోని రాయించినవా?"

"మీకెందుకు?"

"మా చెల్లెకు గట్ల రాయించాల్నని మాకు ఎరుకలేకుండె. ఇన్సూరెన్సోళ్లు కాదంటే ఊకున్నం."

ఆ తర్వాత ఆమె నావైపు చూడలేదు. పెద్దపల్లి రాగానే "కాళ్లు జరుపు" అని విసుక్కుంటూ దిగిపోయింది.

మర్నాడే డాక్టర్‌తో ఉత్తరం రాయించాను. అప్పటికే వాడిన మూడు మందుల పేర్లు, వాడిన నెలలు అందులో ఉన్నాయి. ఇన్సూరెన్స్ వాళ్లు దాన్నీ కొన్నాళ్లు నానబెట్టి, చివరికి ఒప్పుకున్నారు. ఆ మందుతో నేను మెల్లగా తేరుకున్నాను.

ఆమె చెల్లెలు ఎట్లా ఉందని మాత్రం ఆ రోజు కోపంలో నేను అడగలేదు.