రాణి మర్చిపోయిన ఆదివారం

నల్లగండ్లలో పెద్ద అపార్ట్‌మెంట్ల గేటుకు ఎదురుగా భూలక్ష్మి కర్రీ పాయింట్ ఉంది. రోజూ పొద్దున్నే బోరబండ నుంచి భర్త స్వామి ఆటోలో వచ్చి పొయ్యి వెలిగిస్తుంది. చేతిలో రుచి ఉంది కానీ బుర్రలో ఏదీ నిలవదు. ఒకసారి సత్యనారాయణ వ్రతం జరుగుతున్న ఇంటికి చికెన్ ఫ్రై పంపింది. ఆ గొడవ సద్దుమణిగాక, కోకాపేటలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కూతురు జ్యోత్స్న తల్లి ఫోన్లో ఒక ఏఐ ఏజెంటును పెట్టింది. ఎవరు ఫోన్ చేసినా అదే మాట్లాడుతుంది, ఆర్డరు తీసుకుంటుంది, ఎవరి ఇష్టాయిష్టాలేమిటో గుర్తుపెట్టుకుంటుంది. భూలక్ష్మి దానికి రాణి అని పేరు పెట్టుకుంది.

రాణికి మరపు లేదు. మొహమాటం అసలే లేదు.

ఒక శుక్రవారం ఎదురు అపార్ట్‌మెంట్ల నుంచి సుబ్బలక్ష్మిగారు ఆయాసపడుతూ వచ్చారు.

"మీ రాణి నా కొంప ముంచేలా ఉందండీ! 'పోయినసారి మా వంకాయకూరను మీరే వండినట్టు చుట్టాలకు చెప్పారు కదా, వాళ్లకు నచ్చిందా?' అని నిన్న మావారి ముందే అడిగింది."

భూలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సార్ ఏమన్నడమ్మా?"

"ఆయన సంగతి వదిలేయండి. రేపు మా వియ్యపురాలు సరోజమ్మగారు కాకినాడ నుంచి వస్తున్నారు. నా గుత్తి వంకాయ అంటే ఆవిడకు ప్రాణం. నాది అంటే మీదే అనుకోండి. రాణి నోరు జారిందంటే నా పరువు గోదాట్లో కలిసినట్టే."

"జర ఆగుండ్రి, పరేషాన్ కాకుండ్రి" అని భూలక్ష్మి కూతురికి ఫోన్ చేసింది. "బిడ్డా, రాణి మతిలకెళ్లి సుబ్బలక్ష్మమ్మ ముచ్చట తీసెయ్యి."

"తీసేస్తే మళ్లా రాదమ్మా. సోమవారం దాకా దాచిపెడదాం. అక్కడనే ఉంటది కానీ రాణికి కనబడది."

"బీరువల పెట్టి తాళమేసినట్టా?"

"గట్లనే. కానీ ఒక్క ముచ్చట ఏరి దాచుడు కష్టం. ఆమె పేరు మీదున్నదంతా దాస్తున్న. మళ్లా కావాలంటే నువ్వే 'తెరువు' అని చెప్పు, తెరుచుకుంటది."

శనివారం భూలక్ష్మి గుత్తి వంకాయను స్వయంగా సుబ్బలక్ష్మిగారి స్టీలు గిన్నెలోనే వండి తెచ్చి, వంటింటి వైపు నుంచి అందించింది. గిన్నె ఇస్తూ సుబ్బలక్ష్మిగారు తన భర్త వెంకటరామయ్యగారి బీపీ సంగతి గుర్తుచేశారు కాబట్టి, ఎప్పటిలాగే ఉప్పు బాగా తగ్గించింది. సరోజమ్మగారు మూడుసార్లు వడ్డించుకుని, "మీ చేతిలో ఏదో ఉంది వదినగారూ" అన్నారు. సుబ్బలక్ష్మిగారు సిగ్గుపడ్డారు. ఆ సిగ్గులో నిజం కూడా కొంత ఉంది.

ఆదివారం మధ్యాహ్నం అసలు గండం వచ్చింది. "ఇవాళ మీరు వంటింట్లోకి వెళ్లొద్దు. గేటు ఎదురుగా కర్రీ పాయింట్ చూశాను" అంటూ సరోజమ్మగారు వియ్యపురాలి ఫోన్ తీసుకుని, బోర్డు మీది నంబరు కొట్టి స్పీకర్ పెట్టారు. సుబ్బలక్ష్మిగారు ఫోన్ లాక్కోబోయేసరికే అవతల ఎత్తేశారు.

"నమస్కారమండీ! మా దగ్గర మొదటిసారి ఆర్డరు పెడుతున్నారు, చాలా సంతోషం" అంది రాణి. "ఇవాళ గుత్తి వంకాయ ఉందండీ. పంపమంటారా?"

సుబ్బలక్ష్మిగారు సోఫాలో కూలబడి ఊపిరి పీల్చుకున్నారు.

"పంపండి. మా వదినగారి వంకాయతో పోల్చి చూద్దాం" అన్నారు సరోజమ్మగారు.

కూర వచ్చింది. ఒక ముక్క నోట్లో వేసుకుని ఆవిడ మొహం చిట్లించారు. "ఎంతైనా బయటి కూర బయటి కూరే. ఉప్పు దంచేశారు. మీ కూరకు ఇది ఏ మూలకూ రాదు." బల్లకు ఆ చివర వెంకటరామయ్యగారు మాత్రం తలెత్తకుండా గిన్నె ఖాళీ చేశారు. కొత్త కస్టమర్ అనుకున్న రాణి ఉప్పు తగ్గించమని భూలక్ష్మికి చెప్పలేదు మరి!

సోమవారం సరోజమ్మగారు కాకినాడ బస్సెక్కగానే వెంకటరామయ్యగారు కర్రీ పాయింట్‌కు వచ్చారు.

"అమ్మా, మీరు దాచిన సంగతి మా ఆవిడ చెప్పింది. ఇంకొన్నాళ్లు అలాగే దాచి ఉంచకూడదూ? నాలుగేళ్ల తర్వాత నిన్ననే అన్నం తిన్నట్టనిపించింది."

భూలక్ష్మి గరిటె పక్కన పెట్టింది. నిన్న ఉప్పు కూర పంపింది ఈ ఇంటికేనని అప్పుడు తెలిసింది. "అయ్యో సార్! పానం మంచిగున్నదా?"

"దివ్యంగా ఉంది."

"ఉంటే ఉండనియ్యి. రాణీ, సుబ్బలక్ష్మమ్మ ముచ్చట తెరువు."

"తెరిచానమ్మా" అంది రాణి. "వెంకటరామయ్యగారికి ఉప్పు తక్కువ వేయాలి. అప్పడాలు అడిగినా ఇవ్వొద్దని సుబ్బలక్ష్మిగారు చెప్పారు."

"అప్పడాలు కూడానా!" అని ఆయన బెంచీ మీద చతికిలబడ్డారు.

ఆ మొహం చూసి భూలక్ష్మి మనసు ఆగలేదు. మర్నాడు ఉప్పు చిటికెడే వేసి, నువ్వులు దోరగా వేయించి నూరి, చింతపండు చిక్కగా పిసికి, చివర్లో పచ్చి ఉల్లిపాయ ముక్కలు చల్లి ఆయన కోసం వేరే చిన్న మూకుడులో వండింది. స్వామి చేత వేడివేడిగా పంపించింది.

ఒంటి గంటకు ఫోన్ మోగింది. రాణి ఎత్తేలోపే భూలక్ష్మి తానే లాక్కుంది.

"ఎట్లున్నది సార్?"

అవతల నమలడం వినిపించింది. "ఆగండమ్మా, తిననివ్వండి" అన్నారాయన.